నిచ్చెన మీద వట్టి చెయ్యి

ఆ ఎండాకాలం మా ఇంటికి ముందుగా వచ్చింది నిచ్చెన. దాని వెనకాల రామచంద్ర సారు వచ్చాడు. తిరుపతి బస్సు టాపు మీద తాళ్ళతో కట్టి తెచ్చిన వెదురు నిచ్చెనను కండక్టరు విసుక్కుంటూ దించుతుంటే, సారు కింద నిలబడి "మెల్లగా, మెల్లగా" అంటూ గాజుసామాను అందుకున్నట్టు అందుకున్నాడు. మా ఊళ్ళో ఇంటికో నిచ్చెన ఉంది. తిరుపతి నుంచి మోసుకురావాల్సినంత గొప్పతనం దీనిలో ఏముందా అని నేను గడపలో నిలబడి చూస్తున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఆ జబ్బు ఉంది. ఏదైనా కంటబడితే అది ఎందుకుందో తెలిసేదాకా అన్నం సహించదు.

సారు తిరుపతిలో కాలేజీ లెక్చరరు. మా ఆయన వెంకటముని మా ఊరి బళ్ళో ఉన్న ఒకే ఒక్క అయ్యవారు. చిత్తూరు హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. సారు కొత్తరకం నాటకం ఒకటి రాశాడు. దానికి తెర ఉండదు, పద్యాలుండవు, ఎవరూ మొహానికి రంగు పూసుకోరు. పేరు 'ఎక్కినవాడు'. చదువుకున్నవాళ్ళ ముందు ఆడితే ఏం లాభం, పల్లెజనం ముందే ఆడాలని ఆయన పట్టు. మా ఊళ్ళో భారతం జరిగే పద్దెనిమిది రోజుల్లో ఒక సాయంత్రాన్ని పెద్దలను బతిమాలి సంపాదించుకున్నాడు. ఎక్కినవాడి వేషం మా ఆయనది. కింద నిలబడి అరిచే నలుగురు తిరుపతి కాలేజీ విద్యార్థులు.

భారతమంటే మావైపు పుస్తకం కాదు, వేసవిలో చేసే జాతర. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. మధ్యలో ఒకరోజు అర్జునుడి తపసు. ఊరి బయట మిట్ట మీద అరవై అడుగుల మాను నాటుతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ దాన్నెక్కి, పైనుంచి నిమ్మకాయలూ విభూతి పొట్లాలూ విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకుని, తడిచీరతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. వరపడడం అంటారు దాన్ని. కాయలు విసిరేటప్పుడు లేచి కొంగు పడతారు. కొంగులో కాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఆ సంవత్సరానికి, అంటే ఎనభై ఒకటికి, నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఏడుసార్లు వరపడ్డాను. నాలుగుసార్లు నిమ్మకాయ పడింది కూడా. మా అత్త మునెమ్మ పక్కన కూర్చుని మరీ వాటిని తొక్కతో సహా నాతో తినిపించింది.

ఆ ఏడు ఉగాది మరునాడే ఆమె తేల్చి చెప్పేసింది.

"ఈ తూరి తపసు సూస్తా. ఇదీ పోతే పలమనేరులో మా తమ్ముడి కూతురుండాది. మునికి ఆ పిల్లను చేసుకుంటా. నిన్నేమీ పొమ్మనను. నువ్వూ ఉండు, నీ కూడు నువ్వు తిను."

"గవర్నమెంటు అయ్యవారికి రెండో పెండ్లి కుదరదు గదత్తా," అన్నాను.

"యాదో గుళ్ళో తాళి కడితే గవర్నమెంటు వచ్చి సూస్తాదా?"

మా ఆయన అక్కడే కూర్చుని పిల్లకాయల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. తల ఎత్తలేదు. ఒకే కాగితానికి రెండుసార్లు మార్కులు వేశాడు. అది చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అవునని గాని కాదని గాని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోతుందని.

సెలవులు కాబట్టి రిహార్సళ్ళు బడి వరండాలో, పొద్దున పూట. నేను మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్ళి, ఇచ్చిన తర్వాత కూడా అక్కడే ఓ మూల కూర్చునేదాన్ని. నాటకం మొదలయ్యేసరికే మా ఆయన నిచ్చెన పైమెట్టు మీద ఉంటాడు. కింద నలుగురూ ఒక్కొక్కరే వచ్చి అడుగుతారు. ఒకడు వాన కావాలంటాడు. పైనుంచి చింపిన కాగితాలు రాలతాయి. ఇంకొకడు అన్నమంటాడు. బోర్లించిన కుండ తాడు కట్టుకుని దిగుతుంది. చివరికి నలుగురూ కలిసి "ఇంకా ఏముంది, ఇంకా ఏముంది" అని అరుస్తారు. అప్పుడు మా ఆయన పిడికిలి బిగించి, చెయ్యి ఎత్తి, వేళ్ళు తెరిచి విదిలిస్తాడు. దానిలో ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిదాని కోసం కింద నలుగురూ కొట్టుకుంటారు. దీపం తీసేస్తారు. ఆయన పైనే ఉండిపోతాడు.

మొదటిరోజే అడిగేశాను. "సార్, ఈ నిచ్చెనకు అర్థమేంది?"

రామచంద్ర సారు గెడ్డం నిమురుకున్నాడు. "మీకేమనిపిస్తే అదేనమ్మా. రాసినవాడే చెప్పేస్తే ఇంక చూసేవాళ్ళకు పనేముంటుంది?"

అది మర్యాదకన్నాడో, నిజంగా అన్నాడో తెలియదు. నేను మాత్రం నాకు పని అప్పగించినట్టే తీసుకున్నాను.

ఇంట్లో అప్పుడు చింతపండు కొట్టే రోజులు. అత్తా నేనూ ఎదురెదురుగా కూర్చుని గింజలు తీస్తుండగా అడిగాను. "నిచ్చెనెక్కినోడు ఎంతసేపటికీ దిగకుండా ఉండాడంటే ఏమర్థమత్తా?"

"దిగేదానికి బయమై ఉంటాది," అనింది ఆమె, అదొక పెద్ద ప్రశ్నా అన్నట్టు. "మీ మామ ఒగతూరి టెంకాయచెట్టెక్కి మద్యాన్నం దాకా ఆడే కూసోనుండె. అడిగితే గాలి బాగుండాదంట."

సారుకు నేనీ సంగతి చెబితే నవ్వి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో అదీ చెప్పలేదు.

భారతం మొదలయ్యే ముందు రోజు గోవిందయ్య వచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా మా ఊళ్ళో అర్జునుడు ఆయనే. అరవై దాటినా ఇంకా మానెక్కుతాడు. నాటిన మాను గట్టిగా ఉందో లేదో తట్టి చూసుకుని, అటునుంచి బడి దగ్గరికి వచ్చి రిహార్సలు చివరిదాకా నిలబడి చూశాడు. నేను మజ్జిగ ఇచ్చి, ఎట్లుందని అడిగాను.

"బాగుండాదమ్మా, నాకర్థం కాలేదు గానీ," అన్నాడు మీసం తుడుచుకుంటూ. "నేనెక్కేటప్పుడు పైన శివుడుంటాడు. ఆయన్ను సూస్తా ఎక్కుతా. మీ ఆయన కిందికే సూస్తా ఉండాడే."

"కిందికి చూస్తే ఏమి పెద్దాయనా?"

"ఎక్కినోడు కిందికి సూడగూడదు. సూస్తే కొంగులు కనపడతాయి. అన్ని కొంగులు సూసినాక కాయ ఇసిరేదానికి చెయ్యి రాదు తల్లీ. ఎవురికి పడతాదో, ఎవురికి పడదో గదా. నేను కండ్లు మూసుకొని ఇసురుతా."

ఇరవై రెండేళ్ళ అర్జునుడు కళ్ళు మూసుకుని విసురుతాడని నాకు ఆ రోజే తెలిసింది. నా నాలుగు నిమ్మకాయలూ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక వేరే ఆలోచన మొదలైంది. మా ఆయన ఎందుకు కిందికి చూస్తున్నాడు?

నాటకంలో ఆయన ఏమంత గొప్పగా చేయడం లేదు. కుండ దించేటప్పుడు తాడు చిక్కుపడుతుంది. మాటలు ఉన్నవే ఆరు, వాటిలో రెండు మర్చిపోతాడు. కాని పిడికిలి తెరిచే చోట మాత్రం ఆ నలుగురు విద్యార్థులూ అరవడం మర్చిపోయి ఆయన్నే చూస్తారు. ఆ మొహం, మార్కులు తక్కువొచ్చిన పిల్లవాడు ఇంట్లో చెప్పడానికి నిలబడినట్టుంటుంది.

"ఇది యాడ నేర్చుకున్నావురా?" అని సారే ఆశ్చర్యపోయాడు.

"అట్లే వచ్చిందప్పా," అని మా ఆయన మజ్జిగ చెంబు కోసం చూశాడు.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగాను. "ఆ చేతిలో ఏముండాదనుకొని ఇదిలిస్తావు?"

"ఏమీ లేదనుకొని."

"లేదని తెలిసి ఎందుకెక్కినాడు?"

"ఎక్కినాక తెలిసింటాది."

"తెలిసినాక కిందోళ్ళకు సెప్పొచ్చు గదా, నా దగ్గర ఏమీ లేదు, మీ మీ ఇండ్లకు పోండని. ఉట్టి చెయ్యి ఇదిలించి వాళ్ళను కొట్లాడుకోనిచ్చేది ఏమి న్యాయం?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. నా మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోతున్నాడనుకుని గరిటె పట్టుకుని ఎదురుచూశాను. "పులుసు ఇంకాస్త వెయ్ మే," అన్నాడు. అప్పటికే కంచంలో పులుసు వరదలు పారుతోంది. నేను ఇంకాస్త వేశాను. నా అనుమానానికి ఇంకా రూపం రాలేదు గాని, ఆ రోజు నుంచి నేను నిచ్చెనను వదిలేసి మనిషిని చూడడం మొదలుపెట్టాను.

రామచంద్ర సారు కూడా ఆ వారంలోనే ఉండబట్టలేక అసలు అర్థం బయటపెట్టేశాడు. పైనున్నవాడు ప్రభుత్వమట. కాగితాలు ఎన్నికల వాగ్దానాలట. వట్టి చెయ్యి వట్టి చెయ్యేనట.

"ఇంతేనా సార్?" అన్నాను. పాపం, ఆయన మొహం చిన్నబోయింది.

నాటకం తపసుకు మూడు రోజుల ముందు పడింది. పొద్దు గూకే వేళ, వీధినాటకం వాళ్ళు ఇంకా మొహాలకు రంగులు పూసుకుంటూ ఉండగా, మిట్ట మీద రెండు గుంజలకు నిచ్చెన కట్టి మొదలుపెట్టారు. పక్కపల్లెల నుంచి కూడా జనం వచ్చి కూర్చున్నారు. నేనూ మా అత్తా ముందు వరసలో. మా ఆయన పైమెట్టు మీద ఉన్నాడు, బడికి పోయే తెల్లచొక్కాలోనే. కాగితాలు రాలినప్పుడు పిల్లలు ఏరుకున్నారు. కుండ దిగినప్పుడు ఎవరో "సల్లగా నీళ్ళున్నాయా దాంట్లో" అన్నారు. జనం నవ్వారు. సారు పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

మా ఆయన పిడికిలి బిగించి చెయ్యి ఎత్తాడు.

నా వెనక ఎవరో ఆడమనిషి "కాయేస్తాండాడు" అనింది. అంతే. ముందు ఒకామె లేచి పరుగెత్తింది. ఆమె వెనక ఇద్దరు. చూస్తుండగానే పదీ పన్నెండు మంది నిచ్చెన చుట్టూ చేరి కొంగులు పట్టారు. మా మిట్ట మీద ఎత్తున ఎక్కినవాడు పిడికిలి ఎత్తితే దానికి వేరే అర్థం ఎవరికీ తెలియదు. అరవాల్సిన విద్యార్థులు వాళ్ళ మధ్య ఇరుక్కుని నోరు మూసుకున్నారు.

మా అత్త మోచేత్తో పొడిచింది. "నువ్వూ పో. ఏ దేవుడు ఏ రూపంలో ఉంటాడో. పో మే."

ఆ పిడికిలిలో ఏమీ లేదని ఆ మిట్ట మీద అందరికన్నా బాగా నాకే తెలుసు. మూడువారాలుగా చూస్తున్నాను. ఆ ఆడవాళ్ళకు చెప్పి కూర్చోబెట్టాల్సింది. చెప్పలేదు. లేచి వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాను. అక్కడినుంచి చూస్తే ఆయన మొహం ఎట్లుంటుందో చూడాలనిపించింది, అదీ నిజం. రెండు చేతులతో కొంగు పట్టి తల ఎత్తాను.

ఆయన ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. పిడికిలి తెరుచుకోలేదు. "ఇదిలించు, ఇదిలించు" అని పక్కనుంచి సారు గుసగుసలాడుతున్నాడు. మా ఆయన చెయ్యి దించుకున్నాడు. నిచ్చెనవైపు తిరిగి ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టాడు. సారు రాసినదాంట్లో దిగడం లేదు. జనం ఇది కూడా నాటకమే అనుకుని చూస్తున్నారు. కింద కాలు పెట్టి, ఆడవాళ్ళను తప్పించుకుని నా దగ్గరికి వచ్చి, నేను చాచి పట్టుకున్న కొంగును తీసి నా భుజం మీద వేశాడు.

"నా దగ్గర లేదు పంకజా," అన్నాడు. "లేదని నాకు తెలిసి రెండేండ్లయింది."

అప్పటికి వీధినాటకం వాళ్ళ హార్మోనియం మొదలైంది. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని, ఇదేం తపసమ్మా అనుకుంటూ ఎవరి చాప మీదికి వాళ్ళు వెళ్ళారు.

మరునాడు పొద్దున వాళ్ళమ్మను కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు. రెండేళ్ళ కింద కళ్ళద్దాల కోసమని వేలూరు పోయినప్పుడు అక్కడ ఒక డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాడు. పిల్లలు కలగకపోవడానికి కారణం తానేనని, మందులతో నయమయ్యేది కాదని ఆ డాక్టరు చెప్పాడు. మా అత్త వింటూ వింటూ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది, చేతిలో ఉన్న చేట నేలకేసి కొట్టేంత కోపం.

"ఆ రెండేండ్లూ నేను వరపడింది సూసినావా?"

"సూసినా."

"పోయినేడు నిమ్మకాయ తొక్కతో తిన్నాను. అది?"

"అదీ సూసినా."

"సెప్పేదానికేమొచ్చె?"

"ఊరంతా అయ్యవారూ అంటారు మే. తెలిస్తే ఏమంటారోనని బయమేసింది. రోజూ రేపు సెబుతామనుకునేవాణ్ణి."

"నా మీదికి ఇంకోదాన్ని తెస్తామంటే కూడా రేపేనా?"

నేను ఆ పూట వంట చేయలేదు. ఆయనే పొయ్యి వెలిగించి, ఉప్పు ఎక్కడుందో అడగడానికి ధైర్యం చాలక, ఉప్పు లేకుండానే సంగటి కెలికాడు.

పదిగంటల బస్సుకు వెళ్ళేముందు రామచంద్ర సారు వచ్చాడు. రాత్రంతా నిద్రపోనట్టుంది, కళ్ళు వెలిగిపోతున్నాయి. "మేడమ్, నా నాటకాన్ని వీడు నాకన్నా బాగా రాసేశాడు. దిగిరావడం, ఆ కొంగు తీసి భుజాన వేయడం! ప్రభుత్వమే ప్రజల్లోకి దిగివచ్చిందనుకోవాలా, లేకపోతే అధికారం తన చేతకానితనాన్ని ఒప్పుకుందనుకోవాలా? ఆ ఘట్టానికి అర్థమేంటి?"

"మీకేమనిపిస్తే అదే సార్," అన్నాను. ఆయన నోటుపుస్తకం తీశాడు.

తపసు రోజు నేను మిట్ట దగ్గరికి పోలేదు. మా అత్త కూడా పోలేదు. ఊరంతా అక్కడే ఉంది. మైకులో గోవిందయ్య పద్యాలు మా పెరటిదాకా వినిపిస్తున్నాయి. మేమిద్దరం చింతపండు కొడుతున్నాం. మూడు రోజులుగా ఆమె నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. కొడుకుతో అవీ లేవు. పద్యం ఆగింది, జనం ఒక్కసారిగా కేక పెట్టారు. కాయలు విసురుతున్నట్టుంది. ఆమె చేతిలో రాయి ఆగింది.

"పంకజా," అనింది. "మన కులంలో మారుమనువు తప్పు లేదు. మా పిన్నమ్మ చేసుకొనింది. ఇద్దరు బిడ్డలు పుట్టినారు."

ఏం చెప్పదలుచుకుందో అర్థం కాక చూశాను.

"నువ్వు పోతావా?" అని అడిగింది.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె నన్ను చాలా అడిగింది. నెల తప్పిందా అని అడిగింది, వరపడతావా అని అడిగింది, ఎందుకు పుట్టలేదని అడిగింది. నాకేం కావాలని అడగడం అదే మొదలు. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. పొమ్మనడం లేదు. పోతానేమోనని భయపడుతోంది. ముప్పై ఏళ్ళు దాటిన నాకు ఎటైనా పోయే దారి ఉందని, ఆ సంగతి ఆమెకు కూడా తెలుసని నాకు అప్పుడే తట్టింది.

"ఆలోచించి సెబుతానత్తా," అన్నాను.

నిజంగానే ఆలోచించాను. ఏడు రోజులు. ఆ ఇంట్లో ఒక సంగతి తేల్చడం నా చేతికి రావడం అదే మొదలు కాబట్టి తొందరగా ముగించాలనిపించలేదు. ఆ ఏడు రోజులూ మా ఆయన నన్ను ఉండమని బతిమాలలేదు, పోతావా అని అడగలేదు. బిందె తీసుకుని తానే బోరింగు దగ్గరికి పోయి నీళ్ళు తెచ్చాడు. ఊళ్ళో వాళ్ళు అయ్యవారు నీళ్ళు మోస్తున్నాడని నవ్వితే, "అవునబ్బా" అన్నాడు. నా కోపం పోలేదు. కొంత ఇప్పటికీ పోలేదు. కాని ఊరంతా చూస్తుండగా ఆ మనిషి ఒక్కో మెట్టూ దిగి రావడం నేను చూశాను. ఆ దిగడం ఎంత కష్టమో, అన్ని రిహార్సళ్ళు చూసిన నాకు తెలుసు.

భారతం ఆఖరి రోజు, మధ్యాహ్నం. మిట్ట మీద మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి పడగొట్టడం చూసి జనం తిరిగి వస్తున్నారు. మా అత్త చింతపండు ముద్దలు కుండలో సర్దుతోంది.

"నేను పోనత్తా," అన్నాను.

ఆమె ఇంకో ముద్ద పెట్టి, అదిమి, పైన ఉప్పు చల్లింది. కుండ మూతికి గుడ్డ కట్టి, ముడి బిగించింది. చేతులు కడుక్కుని లోపలికి పోయి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చింది.

"యాడికత్తా, ఇంత ఎండలో?"

"పలమనేరుకు. మా తమ్ముడోళ్ళు ఎదురుసూస్తా ఉంటారు గదా."

"ఏమని సెబుతావు?"

ఆమె గడప దాటి చెప్పులేసుకుంది. పక్కింటివాళ్ళు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. తొమ్మిదేళ్ళుగా నా గురించి వాళ్ళతో ఎంత గొంతుతో మాట్లాడిందో, అంత గొంతుతోనే చెప్పింది.

"నా కోడలు బాగుండాది, నా కొడుకుదే లోపమని సెబుతా."